షెడ్డుకు సబ్సిడీ సరే.. పంది బుక్కల ఏమున్నదో ఎవ్వలు జూడాలె?

పోయినేడు వానకాలంల ఒకనాడు పొద్దుగాల మా చిన్నాయిన కొడుకు ఫోన్ జేసిండు. "అన్నా, ఇంకోటి పోయింది" అన్నడు. గంతే, మల్ల మాట రాలే. నెల తిరగకముందే అది ఆరో పంది.

24 సీమపంది పిల్లలతోని మొదలువెట్టిండు తమ్ముడు. సచ్చినయి ఏమన్న జరమొచ్చి బక్కగయ్యి సచ్చినయా అంటే అదీ గాదు. ఒకటి రెండు రోజులు ఆయాసపడ్డయి, పొద్దుగాల లేసి జూస్తే కాళ్లు సాపుకొని పడున్నయి. పశువుల డాక్టర్ సారు వొచ్చి ఒకదాన్ని కోసి జూసిండు. గుండె చుట్టూ నీళ్లు నిండినయి, కాలేయం ఉబ్బింది. ఆయన అడిగిన మొదటి మాట రోగం గురించి గాదు. "ఏం మేపుతున్నవ్ బిడ్డా?" అన్నడు.

మేపింది పత్తి చెక్క. రెండున్నర నెలల సంది అదే. సోయా పిండి ధర జూసి తమ్ముడు ఎనకముందాడుతుంటే, దాణా దుకాణపాయన అన్నడట, "బర్రెలు బకెట్లకొద్ది పాలిస్తున్నయి దీంతోని, పందికి ఏమైతది? ప్రోటీన్ అంటే ప్రోటీనే గదా!" 

ప్రోటీన్ అంటే ప్రోటీనే గదా. ఈ ఒక్క మాటకు మా ఇంట్ల ఆరు పందులు పోయినయి. తమ్ముడు తెచ్చిన అప్పు మాత్రం అట్లనే ఉన్నది. ఇయ్యాల ఊర్లల్ల చదువుకున్న పోరగాళ్లు మస్తుమంది ఈ పనిలకు వస్తున్నరు. వాళ్లకు ఈ మాట ముందుగాలనే తెల్వాలె, అందుకే రాస్తున్న.

కుడితి డ్రమ్ము నుంచి దాణా బస్తా దాకా

మేం ఎరుకలోళ్లం. మా తాత పందుల మందను ఊరవతల తోలుకపోయేటోడు. నాయినమ్మ తట్టలు, గుల్లలు అల్లేది. పంది మేతకు పైసలు వెట్టుడనే ముచ్చటే మా ఇంట్ల లేకుండె. అది తిరిగి తిన్నది. తర్వాత మా నాయిన కాలంల హోటళ్లల్ల, ఫంక్షన్ హాళ్లల్ల మిగిలిన అన్నం, కూరలు డ్రమ్ములల్ల తెచ్చి కుడితి పోసిండు. వాసన మాది, ఎంగిలి ఊరోళ్లది. మాటలు గూడ మేమే వడ్డం.

ఇప్పుడు ఆ తొవ్వ మూసుకపోతున్నది. పట్నాలల్ల మున్సిపాలిటోళ్లు పందులను పట్టుకపోతున్నరు. ఇంకో దిక్కు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. 2020ల అస్సాం, అరుణాచల్‌ల మొదటిసారి మన దేశంల కనవడ్డది. 2021ల ఒక్క మిజోరంలనే 30 వేలకు పైగ పందులు సచ్చినయి. మనుషులకు అది అంటుకోదు, గానీ పందికి వస్తే మందు లేదు. ఆ వైరస్ వచ్చే తొవ్వలల్ల ఎంగిలి కుడితి ఒకటి. అందుల పంది మాంసం ముక్క కలిసి, మంచిగ మరగవెట్టకుండ పోస్తే మందకు మంద పోతది. 2019 పశుగణనల దేశంల పందులు 90 లక్షలని తేలింది. అంతకుముందు లెక్క, 2012 లెక్కతోని జూస్తే 12 శాతం తగ్గినయి. అది ఈ జబ్బు రాకముందు లెక్క.

అందుకే తమ్ముని లెక్కటోళ్లు తిప్పుడు బంద్‌వెట్టి కొట్టం కట్టి దాణా మేపుతున్నరు. మంచిదే. గానీ ఇందుల ఒక మెలిక ఉన్నది. బయట తిరిగేటప్పుడు పంది తన బువ్వ తనే ఎతుక్కునేది. గడ్డలు, పురుగులు, మన్ను, ఆకు ఏది తక్కువైతే అది తిన్నది. కొట్టంల వడ్డంక మనం తొట్టిల ఏది పోస్తే అదే దాని లోకం. అందుల ఒక్కటి తక్కువైనా దానికి ఇంకో దిక్కు లేదు. పెంపకం ఖర్చు వంద రూపాయలనుకుంటే 65 నుంచి 75 రూపాయలు దాణాకే పోతయి. అంటే లాభమైనా నష్టమైనా తేలేది ఆ తొట్టిలనే.

చెరువుకు అలుగు, పందికి లైసిన్

చెరువు కట్ట నువ్వు ఎంత ఎత్తన్న పోయి. అలుగు ఎంత ఎత్తుంటే నీళ్లు గంతే నిలుస్తయి, మిగిలింది పొర్లిపోతది. పంది ఒంట్ల కండ పట్టుడు గూడ గట్లనే.

మనం ప్రోటీన్ అంటున్నది ఒక్క వస్తువు గాదు. 20 రకాల అమైనో ఆమ్లాలు కలిస్తే అయ్యేది. అందుల కొన్నిటిని పంది తన ఒంట్ల తనే చేసుకుంటది. ఇంకో పదింటిని మాత్రం మేతల నుంచే తీసుకోవాలె. మన మక్కలు, నూకలు, తవుడు మేపే తరీకల అన్నిటికంటె ముందు తక్కువవడేది లైసిన్. అదే అలుగు. లైసిన్ ఎంత ఉంటే కండ అంతే. మిగిలిన ప్రోటీన్ యూరియా అయ్యి ఉచ్చల పోతది. కొట్టంల ముక్కులు పలిగే ఘాటు వాసన కొడుతున్నదంటే, అందుల మీ పైసలు గూడ వాసన కొడుతున్నయన్నట్టే.

మరి బర్రె సంగతేంది? బర్రె నెమరేస్తది. దాని పెద్ద పొట్టల కోట్ల సూక్ష్మజీవులుంటయి. నాసిరకం ప్రోటీన్ ఇచ్చినా, ఆఖరికి యూరియా ఇచ్చినా అవి దాన్ని మంచి ప్రోటీన్ జేసి బర్రెకు ఇస్తయి. పందికి మనలెక్కనే ఒక్కటే పొట్ట. ఏది తింటే అదే. అందుకే బర్రెల దాణా బస్తా పందికి వెయ్యొద్దు. కొన్నిట్ల యూరియా కలుపుతరు. బస్తా మీద ప్రోటీన్ శాతం మంచిగనే కనవడుతది, గానీ పందికి అది పనికిరాదు, పానానికే మోసం గావొచ్చు.

ఏ చెక్క కథ ఏంది?

సోయా పిండి. ప్రోటీన్ 44 నుంచి 48 శాతం, లైసిన్ 3 శాతం దగ్గర. మొక్కల నుంచి వచ్చేటియ్యిల ఎదిగే పందికి దీని అంత కుదిరేది ఇంకోటి లేదు. గానీ ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి దిక్కు సోయా పండించే తమ్ముళ్లు ఒకటి యాదివెట్టుకోవాలె. ఇంట్ల ఉన్నయి గదా అని పచ్చి సోయా గింజలు పట్టించి పోయొద్దు. పచ్చి సోయాల ప్రోటీన్ అరగకుండ అడ్డం వడే గుణం ఉంటది. అర్ధగంట ఉడకవెట్టాలె, లేకుంటే ఏంచాలె. మాడినా లాభం లేదు, లైసిన్ చెడిపోతది.

పల్లి చెక్క. ప్రోటీన్ 40 నుంచి 45 దాకా. సోయాకు ఏం తక్కువ అనిపిస్తది. గానీ లైసిన్ సోయాల ఉన్నదాంట్ల సగమే. ఇంకో భయం బూజు. పల్లికాయ తడిసినా, చెక్కను వానకాలంల నేల మీద వెట్టినా అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతది. అది ఉడకవెడితే పోదు, కంటికి కనవడదు. పంది కాలేయాన్ని తింటది. పాలమూరు, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు యాసంగి పల్లి మస్తు పండుతది, గానుగలు గూడ ఈ నడుమ ఎక్కువైనయి. తాజా చెక్క దొరుకుడు మంచిదే. గానీ గానుగ చెక్కల నూనె ఎక్కువుంటది, తొందరగ ముక్కిపోతది. పదిహేను రోజులకు సరిపోనంతనే కొనుక్కోవాలె, చెక్కబల్లల మీద వెట్టుకోవాలె.

పత్తి చెక్క. మన దగ్గర పత్తికి కొదువ లేదు, అందుకే ఇది అగ్గువకు దొరుకుతది. దీంట్ల గాసిపాల్ అనే పదార్థం ఉంటది. పెద్ద బర్రె పొట్ట దాన్ని చాలమటుకు అణిచివెడుతది. పందిల అది దినదినం పేరుకుంటది. మొదటి నెల ఏం గాదు, అందుకే నమ్మకం కుదురుతది. రెండు మూడు నెలలకు గుండె, కాలేయం చెడుతయి. మా తమ్ముని కొట్టంల అయ్యింది గిదే. మొత్తం దాణాల గాసిపాల్ పది లక్షల పాళ్లకు 100 పాళ్లు దాటొద్దని లెక్క ఉన్నది. ఇనుము లవణం కలిపి కొంత విరుగుడు చేస్తరు. గానీ పరీక్ష లేకుండ మన తొట్టిల ఎంతున్నదో ఎవ్వలు జెప్తరు? చిన్న రైతుకు నా మాట ఒక్కటే, దాన్ని ముట్టకుండ్రి.

నువ్వుల చెక్క, సన్‌ఫ్లవర్ చెక్క. విషం భయం లేదు. మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం వీటిల మంచిగుంటది, అది సోయాల తక్కువ. గానీ లైసిన్ తక్కువ, సన్‌ఫ్లవర్‌ల పొట్టు పీచు ఎక్కువ. సోయాకు తోడు వెయ్యొచ్చు, సోయా జాగల వెయ్యొద్దు.

డీడీజీఎస్. ఇథనాల్ ఫ్యాక్టరీల మక్కలు, బియ్యం పులవెట్టి సారం తీసినంక మిగిలే పిప్పి. దిలావర్‌పూర్‌ల 2024 నవంబర్‌ల జనం రోడ్డెక్కి ఆపమన్నది అసొంటి ఫ్యాక్టరీనే. ఈ పిప్పి ఇప్పుడు దాణా బజార్ల మస్తు తిరుగుతున్నది. ప్రోటీన్ ఉంటది, లైసిన్ తక్కువ. గింజల పిండి పోయి మిగిలిందే గాబట్టి, గింజల బూజు విషముంటే పిప్పిల అది మూడంతలు చిక్కగైతది. ఎదిగే పిల్లలకు జర దూరం వెట్టుడే మేలు.

అజొల్లా. యూట్యూబ్ తీస్తే చాలు, "ఖర్చు లేని ప్రోటీన్" అని వీడియోలు. కిలో పచ్చి అజొల్లాల 900 గ్రాములకు మించి నీళ్లే. ప్రోటీన్ 15 గ్రాములు దాటదు. కిలో సోయా పిండిల 450 గ్రాములుంటది. అంటే కిలో సోయాకు బదులు 30 కిలోల అజొల్లా తినాలె. పంది పొట్ట ఎంతని? ఆకుకూర లెక్క ఇంత ఎయ్యుండ్రి, బువ్వ అనుకోకుండ్రి.

కాగితం మీద లెక్క జూద్దాం

డాక్టర్ సారు ఇచ్చిన పట్టిక ముందటవెట్టుకొని తమ్ముడు, నేను కూసొని లెక్క జేసినం. 20 కిలోల నుంచి 50 కిలోల దాకా ఎదిగే పందికి దాణాల లైసిన్ 1 శాతం దగ్గర ఉండాలె. 50 దాటినంక జర తగ్గినా నడుస్తది.

వంద కిలోల దాణా కలుపుదాం. మొదటిది, మక్కలు 55, తవుడు 22, సోయా పిండి 21, ఖనిజ మిశ్రమం ఉప్పు కలిపి 2. ప్రోటీన్ 17 శాతం, లైసిన్ 0.86 శాతం.

రెండోది, సోయా తీసేసి పల్లి చెక్క. మక్కలు 53, తవుడు 22, పల్లి చెక్క 23, ఖనిజాలు 2. ప్రోటీన్ చూస్తే ఇదీ 17 శాతం దగ్గరనే. లైసిన్ మాత్రం 0.59.

జూసిన్రా? బస్తా మీద రెండిటికీ ఒకటే అంకె రాస్తరు. గానీ రెండో దాణా తిన్న పంది మొదటిదాంతోని సమానంగ ఎన్నటికీ ఎదగదు. కొవ్వు వడుతది, కండ వట్టదు, నెలలు ఎక్కువ వడుతయి. మా కొట్టంల బతికిన 18 పందులను ఇంకో రెండు నెలలు ఎక్కువ మేపాల్సొచ్చింది. రోజుకు రెండు కిలోలు, కిలో 28 రూపాయలు. ఒక్కో పంది మీద 3,360 రూపాయలు. 18 పందులకు 60 వేల పైచిలుకు. అగ్గువని కొన్న చెక్క ఆఖరికి గింత పిరమైంది.

మూడో తొవ్వ గూడ ఉన్నది. సోయా 11, పల్లి చెక్క 11, మక్కలు 54, తవుడు 22, ఖనిజాలు 2. లైసిన్ 0.73 దాకా వస్తది. దానికి కోళ్ల దాణా సామాన్లమ్మే దుకాణంల దొరికే లైసిన్ పొడి 300 గ్రాములు కలిపితే 0.96 అయితది. సోయా సగానికి తగ్గింది, అలుగు ఎత్తు పెరిగింది. అట్లని సోయా మొత్తం తీసేసి పొడి మీదనే నడుపుదామంటే గాదు. అప్పుడు త్రియోనిన్, మెథియోనిన్ తక్కువవడి అవే అలుగైతయి.

ఈ అంకెలు మీ దగ్గర అచ్చం ఇట్లనే ఉండయి. చెక్క చెక్కకు తేడా ఉంటది. మీ పశువుల డాక్టర్‌తోని ఒకసారి మాట్లాడుండ్రి.

మరి సర్కారు ఏం జేస్తున్నది?

ఇయ్యలేదని అనను. జాతీయ పశుధన మిషన్ కింద 50 ఆడ పందులు, 5 మగ పందుల యూనిట్ పెడితే 15 లక్షల దాకా, 100కు 10 పెడితే 30 లక్షల దాకా, ఖర్చుల సగం సబ్సిడీ ఇస్తరు. 2023ల రాష్ట్రంల ఎరుకలోళ్ల కోసం పందుల పెంపకం పథకం గూడ ప్రకటించిన్రు. గానీ ఈ మిషన్ పైసలు ఎటు పోతయో జూడుండ్రి. షెడ్డుకు, జీవాలకు, సామానుకు. రోజువారీ ఖర్చుకు సబ్సిడీ లేదు. వందల 70 రూపాయలు తినేది ఏదో దానికే లేదు. అదే మిషన్‌ల మేత కింద ఉన్నది సైలేజీ, గడ్డి దిమ్మలు. అవి నెమరేసే పశువులకు. అదీ గాక 24 పందులోడు 50 పందుల పథకం ముంగట నిలవడి ఏం జేస్తడు?

అప్పు సంగతి జూద్దాం. కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 బడ్జెట్ నుంచి పశుపోషణకు గూడ ఇయ్యొచ్చన్నరు. అందుల పందుల పేరు గూడ ఉన్నది. దాణా ఖర్చు దానికిందికే వస్తది. తమ్ముడు ఒక బ్యాంకుకు పోయి అడిగితే అక్కడి ఆఫీసర్ నవ్విండట, "బర్రెలు కొనుక్కోరాదు?" అని. ఆ నవ్వుల పంది ఒక్కటే లేదు, మేం గూడ ఉన్నం. ఇది ఎరుకోళ్ల పిల్లలకు చెప్పాల్సిన పని లేదు.

ఇగ సోయా రాజకీయం. 2021ల సోయా క్వింటాలు 10 వేలు దాటింది. కోళ్ల పరిశ్రమోళ్లు మొత్తుకున్నరు. ఆ ఆగస్టులనే కేంద్రం 12 లక్షల టన్నుల జీఎం సోయా పిండి దిగుమతికి ఒప్పుకున్నది. మల్ల 2024 సీజన్ల మద్దతు ధర 4,892 అని రాసిన్రు, శానా మార్కెట్లల్ల రైతుకు అదీ దక్కలే. డీడీజీఎస్ వచ్చి పిండికి గిరాకి తగ్గిందని మిల్లులోళ్లన్నరు. ధర ఎక్కినప్పుడు పెద్దోళ్లకు ఢిల్లీ తలుపు తెరుసుకుంటది. ధర దిగినప్పుడు సోయా రైతు మునుగుతడు, గానీ మా ఊరి దుకాణంకాడ చిల్లరకు కొనే తమ్మునికి ఆ అగ్గువ అందలే. లారీ లోడు కొనేటోని ధర వేరు, బస్తా కొనేటోని ధర వేరు. పత్తి చెక్క దిక్కు తమ్ముని నెట్టింది ఆ తేడానే. దుకాణపాయనను ఒక్కన్నే తిట్టి ఏం లాభం?

గిది అడగాలె

కొందరు పెద్దమనుషులు అంటరు, "ఇదంతా ఎందుకురా, కుడితి పోసుకుంటే అయిపోతది గదా" అని. వాళ్ల మాట పూరా తప్పని అనను. దాణా కొనే తాకత్ లేనోడు మొత్తం మానలేడు. మాంసం కలవని అన్నం, కూరగాయల మిగులు మంచిగ మరగవెట్టి పోస్తే పానం నిలుస్తది. గానీ అన్నం ఎంత పోసినా అందుల లైసిన్ శానా తక్కువ. దాని మీద ఇంత సోయా పిండి చల్లితేనే ఎదుగుదల. ఇంకొందరు కంపెనీ దాణా కొనుమంటరు. కొనొచ్చు. గానీ మా అసొంటి ఊర్లకు వచ్చేది ఎక్కువ బర్రెలది, కోళ్లది.

అందుకే నేను అడిగేది షెడ్లు గాదు. ఒకటి, దాణా బస్తా మీద, చెక్క బిల్లు మీద ప్రోటీన్‌తోని పాటు లైసిన్ గూడ రాయాలె. పత్తి చెక్క మీద "పందులకు, కోళ్లకు పరీక్ష లేకుండ వెయ్యొద్దు" అని తెలుగుల అచ్చెయ్యాలె. రెండు, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయం దాకా ఉరకకుండ జిల్లాకు ఒక్క జాగల దాణా పరీక్ష చేసియ్యాలె. మూడు, పది మంది చిన్న రైతులు సంఘం కడితే లోడు సోయా కొననీకి అప్పు, ఒక గ్రైండర్, ఒక మిక్సర్ ఇయ్యాలె. 15 లక్షల షెడ్డు కంటె ఈ మిక్సర్‌తోనే ఎక్కువ ఇండ్లు నిలవడుతయి.

అప్పటిదాక మనం చెయ్యగలిగేది ఒకటుంది. టేపు పట్టుకోండ్రి. పంది ముందరి కాళ్ల ఎనక ఛాతి చుట్టు ఎన్ని మీటర్లో కొలువుండ్రి, చెవుల నడుమ నుంచి తోక మొదలు దాకా పొడుగు కొలువుండ్రి. చుట్టును చుట్టుతోని గుణించి, పొడుగుతోని గుణించి, మల్ల 69.3తోని గుణిస్తే బరువు కిలోలల్ల వస్తది. చుట్టు 0.9, పొడుగు 0.95 అయితే 53 కిలోలు. కాంటా అవసరం లేదు. నెలనెలా రాసుకుంటే దాణా మంచిదా కాదా పందే చెప్తది, దుకాణపాయన చెప్పాల్సిన పని లేదు.

తమ్ముడు ఈసారి 12 పిల్లలనే తెచ్చిండు. అప్పు ఇంకా తీరలే. కొట్టం గోడకు ఒక నోట్‌బుక్ తాడుతోని కట్టిండు. మొన్న పోతే సూపెట్టిండు, ఆరు నెలల వయసుకు సగటున 62 కిలోలు. పాత బ్యాచ్ ఏడు నెలలకు 48 తూగింది. నోట్‌బుక్ అట్ట మీద ఏదో రాసున్నది, ఏందని జూస్తే "ప్రోటీన్ గాదు, లైసిన్" అని ఉన్నది.

ఇంటర్ ఫెయిలయిన పోరడు ఆరు పందులు సచ్చినంక నేర్చుకున్న పాఠమది. సబ్సిడీ కాగితం మీద సంతకం వెట్టే సారు ఎవ్వలన్న ఒక్కరు ముందుగాలనే చెప్పి ఉంటే ఆ ఆరు గూడ కాంటా ఎక్కేటియి.